బిడ్డ మోచేయి విరిగింది, తీగలు వేయాలంటున్నారు. నాటు కట్టా, ఆపరేషనా?

కళ్యాణదుర్గం_నాయన · మే 10, రాత్రి 8:50

అన్నలకు, అక్కలకు నమస్తే. ఆసుపత్రి వరండాలో కూర్చొని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా వాడికి ఆరేండ్లు. సెలవులకని అవ్వ కాడికి పంపించింటిమి. సాయంత్రం ఐదున్నరకు చింతచెట్టు కొమ్మ మీద నుంచి జారి, చెయ్యి ఆనించి పడినాడు. కుడి మోచేయి క్షణాల్లో వాచిపోయింది, చెయ్యి వంకర తిరిగింది. ఆటోలో అనంతపురం తెచ్చినాము. ఎక్స్‌రే చూసి మోచేతికి రవంత పైన ఎముక పూర్తిగా విరిగి వెనక్కి జరిగిందని చెప్పినారు. చీటీలో "సుప్రాకాండైలర్, టైపు 3" అని రాసినారు. పొద్దున మొదటి కేసుగా తీసుకొని, మత్తిచ్చి, తీగలు వేస్తారంట.

మా అమ్మ ఒప్పుకోవడం లేదు. "పసిబిడ్డ ఎముకలోకి ఇనుప కమ్ములు దింపుతారా? మీ నాయన కాలు విరిగితే కట్టు కట్టే ఆయప్పే కదరా బాగు చేసింది, పోదాం పా" అని ఏడుస్తాంది. నా పెండ్లాం ఏమో ఆపరేషనే అంటాంది. నాకు దిక్కు తోచడం లేదు. ఎవరికైనా ఇట్లా జరిగింటే చెప్పండి.

పొద్దుటూరు_అక్క · మే 10, రాత్రి 9:04

తమ్ముడూ, ముందు ఆసుపత్రి వదిలి కదలొద్దు. ఈ మాట ఊరికే చెప్పడం లేదు.

1994లో మా తమ్మునికి ఎనిమిదేండ్లు. ఎద్దులబండి మీద నుంచి పడి ఇదే చోట విరిగింది. మేము ఒక పల్లెలో కట్టు కట్టే మనిషి కాడికి తీసుకుపోయినాము. కోడిగుడ్డు సొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి బిగించినాడు. ఆ రాత్రంతా వాడు గుక్క తిప్పుకోకుండా ఏడ్చినాడు. "ఎముక అతికేటప్పుడు నొప్పి ఉంటాది, ఓర్చుకోవాల" అన్నాడు ఆయన. మేమూ అదే మాట వానికి చెప్పినాము. రెండోరోజు వేళ్ళు ఉబ్బి నల్లగా అయినాయి. మూడోరోజు ఏడుపు ఆగిపోయింది. తగ్గింది అనుకున్నాము. కట్టు విప్పినాక తెలిసింది, చెయ్యి చచ్చుబడింది గనుక నొప్పి తెలియలేదని.

ఇప్పుడు వానికి నలభై దగ్గర పడింది. మణికట్టు వంచితేనే వేళ్ళు తెరుచుకుంటాయి, మణికట్టు నిలబెడితే వేళ్ళు ముడుచుకుపోతాయి. ఆ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేడు. ఎముక మాత్రం అతికింది తమ్ముడూ. ఎముక బాగానే అతికింది.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 10, రాత్రి 9:21

నేను కర్నూలు మెడికల్ కాలేజీలో ఎముకల విభాగంలో చదువుకున్నవాణ్ణి. బిడ్డను చూడకుండా ఇక్కడి నుంచి వైద్యం చెప్పను, మీ డాక్టరు మాటే ఖాయం. అయితే ఈ రాత్రి మంచం పక్కన మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. వేళ్ళు చూడడం.

రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు ఒకటేనా, వెచ్చదనం ఒకటేనా? గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ ఎరుపు రావాలి. తర్వాత వాడితో ఆట ఆడించండి. బొటనవేలు పైకెత్తి చూపించమనండి. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రటి సున్నా చుట్టమనండి. వేళ్ళు విసనకర్రలా విడదీయమనండి. ఈ మూడు ఆటలూ మూడు నరాలకు పరీక్ష. ఈ విరుపులో తరచుగా దెబ్బతినేది సున్నా చుట్టించే నరం. అది చుట్టలేకపోతే భయపడి ఏడవొద్దు, ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే వస్తుంది. కానీ ఆపరేషనుకు ముందే డాక్టరుకు చెప్పి రాయించండి.

చెయ్యి చల్లబడి తెల్లబడినా, వేళ్ళను మీరు మెల్లగా చాపితే బిడ్డ కెవ్వుమన్నా, మందు వేసినా నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా పొద్దున దాకా ఆగకండి. అప్పటికప్పుడు డ్యూటీ డాక్టరును లేపండి. అక్కయ్య చెప్పిన కథలో జరిగింది అదే. ముంజేతి కండలు గట్టి పొర సంచిలో ఉంటాయి. లోపల వాపు, బయట బిగుతు కట్టు కలిస్తే రక్తం లోపలికి పోదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. 1881లో వోక్‌మన్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు, ఆ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నాం. నొప్పి తగ్గడం అక్కడ మంచి గుర్తు కాదు.

కళ్యాణదుర్గం_నాయన · మే 10, రాత్రి 9:48

సార్, చూసినా. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. బొటనవేలు ఎత్తినాడు. సున్నా మాత్రం సరిగా రావడం లేదు, కొసలు వంగక చదునుగా తగులుతున్నాయి. నర్సమ్మకు చెప్తే డాక్టరు వచ్చి చూసి కేసు షీటులో రాసుకున్నారు. నాడి తెలుస్తోంది అన్నారు, పొద్దున దాకా ఆగొచ్చంట. ఇంగొక్క మాట. పిల్లల ఎముక తొందరగా అతుకుతుంది కదా, సిమెంటు కట్టు వేసి వదిలేస్తే చాలదా? తీగలు ఎందుకు అని మా అమ్మ అడుగుతాంది. నాకూ అదే అనుమానం.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 10, రాత్రి 10:15

అమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్న. ముక్క జరగకుండా బీట మాత్రమే ఉంటే, దాన్ని టైపు 1 అంటాం, మూడు వారాల కట్టు చాలు. ఈ టైపుల లెక్క 1959లో గార్ట్‌లాండ్ అనే వైద్యుడు వేసింది, ఇప్పటికీ అదే వాడతాం.

భుజం నుంచి వచ్చే ఎముక మోచేయి దగ్గరికి వచ్చేసరికి ముందొక గుంట, వెనకొక గుంట. రెంటి మధ్యలో ఎముక అప్పడమంత పలచన. పిల్లలు చెయ్యి ఆనించి పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. కింది ముక్క వెనక్కి పోతుంది, పై ముక్క వాడి అంచు ముందుకు వస్తుంది. ఆ ముందువైపే చేతికి పోయే పెద్ద రక్తనాళం, నరం ఉంటాయి.

ఇప్పుడు ముక్కను సరిచేసి కట్టుతోనే నిలబెట్టాలంటే మోచేతిని బాగా ముడిచి కట్టాలి. వాచిన మోచేతిని అంతగా ముడిస్తే రక్తనాళం నలుగుతుంది. చాపి వదిలితే ముక్క జారుతుంది. తీగలు వేస్తే ఈ చిక్కు పోతుంది. ముక్క పట్టు తీగల మీద ఉంటుంది, చెయ్యిని నలగని కోణంలో వదులుగా ఉంచొచ్చు. పెద్ద కోత ఉండదు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ బయటి చర్మం గుండా రెండో మూడో సన్నటి తీగలు పంపిస్తారు. కొసలు బయటే వంచి వదులుతారు. మూడు నాలుగు వారాలకు ఓపీలోనే లాగేస్తారు. లోపల ఏదీ మిగలదని అమ్మకు చెప్పండి.

వంకర ఉన్నా ఎదిగేకొద్దీ సరి అవుతుందిలే అని కొందరంటారు. ఆ ఎముక పొడవు పెరగడంలో నూటికి ఎనభై పాళ్ళు భుజం వైపు నుంచి, మోచేయి వైపు నుంచి ఇరవై పాళ్ళే. అందుకని ఇక్కడ మిగిలిన వంకర ఎక్కువగా మిగిలే ఉంటుంది. చెయ్యి లోపలికి వంగి కనిపించే వాళ్ళను మీరు చూసే ఉంటారు.

గుత్తి_రైతు · మే 10, రాత్రి 10:40

డాక్టరు గారికి గౌరవంతోనే ఒక మాట. కట్టు కట్టే వాళ్ళందరినీ ఒకే గాటన కట్టొద్దు. నాకు ముంజేయి విరిగితే కట్టుతోనే అతికింది, ఇప్పటికీ పార పడతాను. మా ఊళ్ళో పేదోళ్ళకు యాభై ఏండ్లు అదే ఆసరా. ఆసుపత్రి కోసం యాభై కిలోమీటర్లు పోవాల్సిన కాలంలో ఇంకేం చేస్తాము?

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 10, రాత్రి 10:58

మీ మాట కొట్టిపారేయను రైతన్నా. కదలకుండా ఉంచితే చాలా ఎముకలు వాటంతటవే అతుకుతాయి, మీ చెయ్యి అట్లాంటిదే. మోచేయి వేరు. మూడు ఎముకలు, మూడు పెద్ద నరాలు, ఒక రక్తనాళం జానెడు చోటులో ఉంటాయి. దబ్బలు కట్టే మనిషి మంచివాడే అయినా లోపల ఏ ముక్క ఎటు జరిగిందో ఎక్స్‌రే లేకుండా ఆయనకూ తెలియదు. ఇప్పుడు దారి ఖర్చు కూడా అంత లేదు. 108 బండి 2005 నుంచి ఉంది. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులు, కడప రిమ్స్, మూడింట్లోనూ ఈ ఆపరేషన్లు చేస్తారు. ప్రైవేటైతే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, అది వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

కళ్యాణదుర్గం_నాయన · మే 11, మధ్యాహ్నం 12:30

ఆపరేషను అయింది. ముప్పావు గంట పట్టింది. బయటివైపు నుంచి రెండు తీగలు వేసినారు. కోత లేదు. మా అమ్మ థియేటరు బయట ఒక్క మాట మాట్లాడలేదు, బిడ్డ బయటికి వచ్చినాక వేళ్ళు పట్టుకొని ఒకటొకటిగా లెక్కపెట్టింది.

కళ్యాణదుర్గం_నాయన · మే 11, రాత్రి 11:35

సార్ ఉన్నారా? వాడు గంట నుంచి ఏడుస్తున్నాడు. నొప్పి మందు పడింది, నిద్రపోలేదు. వేళ్ళు ఉబ్బినాయి.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 11, రాత్రి 11:41

ఇక్కడ రాస్తూ కూర్చోకండి. డ్యూటీ డాక్టరును పిలిచి "కట్టు బిగుతైందేమో చూడండి, వేళ్ళు చాపితే నొప్పి ఉందేమో చూడండి" అని ఈ మాటలే చెప్పండి. చెయ్యి గుండె ఎత్తులోనే, దిండు మీద ఉంచండి.

కళ్యాణదుర్గం_నాయన · మే 12, తెల్లవారుజాము 1:10

వచ్చి చూసినారు. లోపలి దూది, గుడ్డ పైనుంచి కింది దాకా నిలువునా కత్తిరించి వదులు చేసినారు. పది నిమిషాల్లో ఏడుపు ఆగింది. వేళ్ళు చాపితే నొప్పి లేదంటున్నాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు. పొద్దుటూరు అక్కా, నువ్వు రాసింది చదవకుంటే "ఆపరేషను నొప్పిలే, ఓర్చుకో" అని నేనూ వానికి చెప్పిందును.

పొద్దుటూరు_అక్క · మే 12, ఉదయం 6:20

లేస్తానే చూసినా. ఏడుపు వస్తాంది తమ్ముడూ. బిడ్డకు నా ముద్దులు.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 12, ఉదయం 7:45

అక్కయ్యా, మీ తమ్ముడి సంగతి రాత్రి నుంచి మనసులో ఉంది. చచ్చిన కండ మళ్ళీ రాదు, అది నిజం. కానీ మిగిలిన కండను బట్టి ఇన్నేండ్ల తర్వాత కూడా కొంత చెయ్యొచ్చు. పొట్టిపడిన కండరాల మొదలును ఎముక నుంచి విడదీసి కిందికి జరిపే ఆపరేషను ఉంది. పనిచేసే స్నాయువును తెచ్చి పనిచేయని వేలికి కలిపే ఆపరేషనూ ఉంది. చొక్కా గుండీ పెట్టుకునేంత పట్టు వచ్చినా పెద్ద మార్పే. చేతి ఆపరేషన్లు చేసే వైద్యుడికి ఒకసారి చూపించండి.

ధర్మవరం_మగ్గం · మే 13, రాత్రి 9:30

ఈ చర్చ చూసి నాది కూడా చెప్పాలనిపించింది. చిన్న దెబ్బ అని వదిలేస్తే ఏమవుతుందో తెలియాల.

ఏడేండ్లప్పుడు నేనూ పడినాను. మోచేయి బయటివైపు వాచింది. బెణికిందని ఎక్స్‌రే తీయించలేదు. నెలకు నొప్పి పోయింది. చెయ్యి మాత్రం పెరిగేకొద్దీ బయటికి వంగింది. మగ్గం పని నేర్చుకున్నా, పెండ్లయింది, ఎవరికీ పట్టలేదు. ముప్పై నాలుగేండ్లప్పుడు చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరి మొదలైంది. పోగు చేతిలో ఉండగానే జారిపోయేది. జరీ పోగు తెగితే ముడివేయడానికి ఐదు నిమిషాలు పట్టేది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ గుంట పడింది. ముందు చర్మం డాక్టరు కాడికి పంపినారు, కుష్టు ఉందేమోనని. ఆ జబ్బులో కూడా మోచేతి వెనక నరం ఉబ్బుతాదంట. అది కాదని తేలింది. నరం కరెంటు పరీక్షలో మోచేతి కాడ నరం సాగి సాగి దెబ్బతిన్నాదని చెప్పినారు. చిన్నప్పటి విరుపు ఎప్పుడూ అతకనే లేదంట.

ఆపరేషనులో ఆ నరాన్ని వెనక గాడిలో నుంచి తీసి మోచేతి ముందువైపుకు జరిపినారు. తిమ్మిరి చానా తగ్గింది. గుంటపడిన కండ మాత్రం తిరిగి రాలేదు. రెండేండ్ల ముందు పోయింటే వచ్చేదేమో అన్నారు. ఇప్పుడు చీర నేస్తున్నాను, బుటాలు ఎక్కువున్న డిజైను మాత్రం తీసుకోను.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 13, రాత్రి 10:12

మీరు రాసింది మా విద్యార్థులకు చదివి వినిపించాలి. మోచేయి బయటి గుబ్బ విరుపు పిల్లల్లో మోసం చేసే విరుపు. వాపు తక్కువ ఉంటుంది. ముక్కలో ఎక్కువ భాగం మెత్తటి తరుణాస్థి కాబట్టి ఎక్స్‌రేలో సన్నటి గీతే కనిపిస్తుంది. ముంజేతి కండరాలు ఆ ముక్కను లాగుతూనే ఉంటాయి, కీలులోని ద్రవం విరిగిన చోటుకు చేరుతుంది. అందుకే అతకదు. మొదటి రోజు జరగని ముక్క వారంలో జరగొచ్చు. వారానికి మళ్ళీ ఎక్స్‌రే తీయించమని చెప్పేది అందుకే. రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ జరిగితే సాధారణంగా తీగలో, స్క్రూనో వేసి నిలబెడతాం.

ఇట్లాంటిదే ఇంకొకటి. ముంజేతి ఎముక విరిగిందని కట్టు వేస్తారు, మోచేతి దగ్గర రెండో ఎముక తల కీలు తప్పిన సంగతి చూడరు. 1814లో మాంటెజియా అనే ఇటలీ వైద్యుడు రాసిన దెబ్బ ఇది. ముంజేయి విరిగితే మోచేయి, మణికట్టు రెండూ పడేటట్టు ఎక్స్‌రే అడగండి.

బేతంచెర్ల_బండలు · మే 14, రాత్రి 8:05

నాది విరుపు కాదు, అరుగుడు. నాపబండల పాలిషింగులో పదిహేనేండ్లు. కటింగు మిషను కుడిచేత్తో పట్టుకుంటాను. మోచేయి బయటి గుబ్బ కాడ సూది గుచ్చినట్టు నొప్పి. టీ గ్లాసు ఎత్తాలన్నా చెయ్యి వణుకుతాంది. టెన్నిస్ ఎల్బో అన్నారు. ఏడాదిలో మూడు ఇంజక్షన్లు వేయించుకున్నా. వేసిన ప్రతిసారి నెలా రెండు నెలలు హాయి, మళ్ళీ మొదలు. ఇప్పుడు నాలుగోది వేస్తామన్నారు. లేదంటే ఆపరేషనంట. పని ఆపితే ఇల్లు గడవదు.

ఫిజియో_కడప · మే 14, రాత్రి 8:50

అన్నా, నాలుగోది వేయించుకునే ముందు ఆగండి. మణికట్టును పైకెత్తే కండరం ఆ గుబ్బకు అతుక్కునే చోట నార లోపల చీలిపోయి, సరిగా మానకుండా ఉంటుంది. వాపు మందు సూది నొప్పిని కొన్ని వారాలు మూస్తుంది, ఏడాది తర్వాత లెక్క చూస్తే సూది వేయించుకోని వాళ్ళే మేలుగా ఉంటారు. పదేపదే వేస్తే నార ఇంకా బలహీనపడొచ్చు.

పని ఆపమని చెప్పను. పట్టుకునే తీరు మార్చండి. బండ ఎత్తేటప్పుడు అరచెయ్యి కిందికి ఉండేలా కాకుండా పైకి ఉండేలా, రెండు చేతులతో ఎత్తండి. మిషను పిడికి గుడ్డ చుట్టి లావు చెయ్యండి, వణుకూ తగ్గుతుంది, పిడికిలి బిగింపూ తగ్గుతుంది. మోచేతి గుబ్బకు రెండు వేళ్ళ కింద కట్టే పట్టీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఇక వ్యాయామం. ముంజేయి బల్ల మీద, అరచెయ్యి కిందికి, మణికట్టు బల్ల అంచు బయట. అర లీటరు నీళ్ళ సీసా పట్టుకొని, రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, దాన్ని మాత్రం ఐదు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందికి దించండి. పదిహేనుసార్లు, రోజుకు మూడు విడతలు. మొదటి రెండు వారాలు రవంత నొప్పి ఉంటుంది. మూడు నెలలు వదలకుండా చెయ్యాలి.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 14, రాత్రి 9:15

ఫిజియో గారు చెప్పిందే నా మాట. ఎక్కువమందికి ఏడాది లోపల ఆపరేషను లేకుండానే తగ్గుతుంది. ఆరు నెలలు, ఏడాది సరిగా ప్రయత్నించినా తగ్గని కొద్దిమందికే ఆపరేషను. పాడైన నారను గీకి తీసేస్తారు. 2005లో సచిన్ టెండూల్కర్ ఇదే మోచేతి బాధకు ఆపరేషను చేయించుకొని, ఆ తర్వాత ఎన్నేండ్లు ఆడాడో అందరికీ తెలుసు. అనంతపురంలో 2010 నుంచి నాదల్ పేరు మీద టెన్నిస్ బడి నడుస్తోంది గానీ, నా దగ్గరికి ఈ నొప్పితో వచ్చేది బండల పనివాళ్ళు, మేస్త్రీలు, రోజంతా బట్టలు పిండే ఆడవాళ్ళు.

అనంత_కోచ్ · మే 15, ఉదయం 6:40

క్రికెట్టు నేర్పిస్తాను. పదమూడేండ్ల పిల్లవాడు, మంచి వేగం ఉంది. మోచేయి లోపలివైపు నొప్పి అంటున్నాడు, ముఖ్యంగా బౌండరీ నుంచి విసిరినప్పుడు. వాళ్ళ నాయన "నీరజ్ చోప్రా కూడా మోచేయి ఆపరేషను చేయించుకొని బంగారు పతకం తెచ్చినాడు, మనమూ చేయిద్దాం" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 15, ఉదయం 8:30

నీరజ్ సంగతి నిజమే. 2019 మేలో ఆపరేషను, 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కు అర్హత, 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లతో బంగారం. కానీ ఆయన పెద్దవాడు, ఆటే బతుకు. ఆపరేషనుకూ మళ్ళీ విసరడానికీ మధ్య ఎనిమిది నెలలు పట్టింది చూడండి.

పదమూడేండ్ల పిల్లవాడికి మోచేయి లోపలివైపు గుబ్బ ఇంకా ఎముకకు పూర్తిగా అతకలేదు, మధ్యలో పెరిగే పొర ఉంటుంది. ఎక్కువసార్లు విసిరితే ఆ పొర మీదే లాగుడు పడుతుంది. విసరడం పూర్తిగా ఆపించండి, ఎక్స్‌రే తీయించండి. ముక్క జరగకపోతే ఆరు వారాలు, ఒక్కోసారి అంతకు మించి విశ్రాంతితోనే తగ్గుతుంది. బ్యాటింగు కూడా నొప్పి లేకపోతేనే.

పెద్ద ఆటగాళ్ళలో లోపలివైపు కట్టునార తెగితే మణికట్టు దగ్గరి పలచటి స్నాయువును తీసి, ఎముకలో రంధ్రాలు వేసి, కొత్త నారగా అల్లుతారు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే సర్జను టామీ జాన్ అనే బేస్‌బాల్ ఆటగాడికి మొదట చేశారు. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు రవంత వంచండి, మధ్యలో తాడులా లేచేది ఆ స్నాయువే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, దాంతో లోటేమీ లేదు. అందుకే తీసి వాడుకోవడం కుదిరింది.

జమ్మలమడుగు_కొడుకు · మే 16, రాత్రి 9:00

మా అమ్మకు 66. బాత్రూంలో జారి మోచేతి మొన మీద పడింది. మొన ఎముక విరిగి పైకి లేచింది. రెండు తీగలు, ఎనిమిది అంకె ఆకారంలో ఒక కమ్మీ వేసినారు. ఎముక అతికింది, చెయ్యి ఎత్తుతుంది. ఇప్పుడు ఏడాది తర్వాత కమ్మీ కొస చర్మం కింద పొడుస్తాంది. చాప మీద మోచెయ్యి ఆనించలేకపోతోంది. మళ్ళీ ఆపరేషను అంటే భయపడుతోంది. వదిలేయొచ్చా?

ఎముకల_వైద్యుడు_కర్నూలు · మే 16, రాత్రి 9:35

ఆ మొనకు వెనక చేతి పెద్ద కండరం అతుక్కుని ఉంటుంది, చెయ్యి చాపేది అదే. విరిగితే అది ముక్కను పైకి లాగేస్తుంది, అందుకే కమ్మీ. అక్కడ చర్మం కింద కొవ్వు, కండ లేవు. ఈ కమ్మీ పొడుచుకోవడం చాలా మామూలు, తప్పు జరిగిందని అనుకోవద్దు. ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలితే తీసేయడం చిన్న పని. చర్మం ఎర్రబడినా, చీము కనిపించినా ఆలస్యం చేయొద్దు.

పెద్ద వయసులో మోచేయి పై ఎముక కింది భాగం ముక్కలు ముక్కలైతే అది వేరే పోరాటం. రెండు వైపులా రెండు ప్లేట్లు వేస్తాం. ఎముక గుల్లబారి స్క్రూలు పట్టకపోతే కీలు మార్పిడి. మార్పిడి చేసినాక బతికినంత కాలం ఆ చేత్తో రెండు మూడు కిలోల కంటే ఎక్కువ ఎత్తొద్దంటాం. నీళ్ళ బిందె ఎత్తే ఇల్లాలికి ఈ మాట ఆపరేషనుకు ముందే చెప్పాలి.

వేదిక_నిర్వాహకులు · మే 17

వేరు వేరు దెబ్బలైనా చర్చను ఇక్కడే ఉంచుతున్నాం. బిడ్డల ఎక్స్‌రేలు పెట్టేటప్పుడు పేరు, ఆసుపత్రి నంబరు కనపడకుండా చూడండి.

కళ్యాణదుర్గం_నాయన · జూన్ 4, రాత్రి 8:20

మూడున్నర వారాలైంది. ఈ రోజు తీగలు లాగేసినారు. వాడు ఒక్కసారి "అబ్బా" అన్నాడు, అంతే. ఎముక బాగా అతికిందన్నారు. కట్టు తీసినారు. సున్నా చుట్టడం వచ్చింది సార్, గుండ్రంగా!

కానీ మోచేయి కర్రలా ఉంది. రవంతే వంగుతాంది. మా అమ్మ ఆముదం కాచి పెట్టింది. పక్కింటాయన "వారం రోజులు పట్టి వంచితే వదులవుతాది, ఇప్పుడు వంచకపోతే ఎప్పటికీ రాదు" అంటున్నాడు.

ఫిజియో_కడప · జూన్ 4, రాత్రి 8:38

వద్దన్నా, వద్దు. ఆముదం గిన్నె పక్కన పెట్టించండి. ఆపరేషను ఎంత బాగా చేసినా ఈ దశలో పాడుచేసుకున్న మోచేతులను నేను లెక్కలేనన్ని చూసినాను.

మోచేయి మిగతా కీళ్ళ లాంటిది కాదు. దెబ్బ తిన్న మోచేతిని రుద్దినా, పట్టి వంచినా చుట్టూ ఉన్న కండలో రక్తం చిమ్ముతుంది, అక్కడే కొత్త ఎముక పుట్టొచ్చు. కండలో ఎముక గడ్డకట్టిందంటే వంగడం అక్కడితో ఆగుతుంది, తీయడానికి మళ్ళీ పెద్ద ఆపరేషను. ఎవరైనా పట్టి వంచడం, ఇసుక సంచి వేలాడదీయడం, బకెట్టు మోయించడం ఇవేవీ చేయొద్దు.

పిల్లలకు ప్రత్యేక ఫిజియోథెరపీ కూడా ఎక్కువగా అక్కర్లేదు. వాడి చెయ్యి వాడే కదిలించుకోవాల. పొద్దున పండ్లు ఆ చేత్తో తోముకోనీండి. సంగటి ముద్ద ఆ చేత్తోనే తిననీండి, ముద్ద నోటికి అందేదాకా తల వంచి తింటాడు, రోజురోజుకూ తల వంచడం తగ్గుతుంది. తొట్టిలో గోరువెచ్చని నీళ్ళలో ఆడుకోనీండి. అవ్వకు ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది, అది ప్రేమ. ఆమెకు ఈ పని ఇవ్వండి: రోజూ రాత్రి వాడి బొటనవేలు ఎక్కడిదాకా పోయిందో చూసి గుర్తు పెట్టుకోవడం. గడ్డమా, పెదవా, ముక్కా, భుజమా.

కళ్యాణదుర్గం_నాయన · జూన్ 15, రాత్రి 9:10

బడి తెరిచినారు. రాయడానికి కుడిచెయ్యి వాడుతున్నాడు. బొటనవేలు పెదవి దాకా వచ్చింది. చాపడం మాత్రం సగమే. ఇది ఇంతేనా అని భయం వేస్తాంది.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · జూన్ 15, రాత్రి 9:50

పది రోజులకు పెదవి దాకా వచ్చిందంటే మంచి నడకే. వంగడం ముందు వస్తుంది, చాపడం ఆఖరున వస్తుంది. పిల్లల్లో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటుంది. నిటారును సున్నా డిగ్రీలనుకుంటే, ముప్పై నుంచి నూట ముప్పై డిగ్రీల మధ్య కదిలితే రోజువారీ పనులన్నీ జరిగిపోతాయి. మీవాడు దాన్ని కూడా దాటే వయసులో ఉన్నాడు. చెట్లు, గోడలు, సైకిలు మాత్రం డాక్టరు సరే అనేదాకా వద్దు. మొదటి నెలల్లో మళ్ళీ పడితే అదే చోట విరగొచ్చు.

బేతంచెర్ల_బండలు · జూలై 6, రాత్రి 8:00

ఫిజియో గారూ, నాలుగో సూది వేయించుకోలేదు. సీసా దించుడు ఏడు వారాలు చేసినా. నొప్పి పోయిందని చెప్పను. టీ గ్లాసు ఇప్పుడు కుడిచేత్తోనే ఎత్తుతున్నా.

ఫిజియో_కడప · జూలై 6, రాత్రి 8:25

చానా సంతోషం అన్నా. సీసా లీటరుది చేయండి. ఆపొద్దు.

కళ్యాణదుర్గం_నాయన · జూలై 27, రాత్రి 8:45

ఈ రోజు ఎక్స్‌రే, చూపింపు రెండూ అయినాయి. రెండు చేతులూ పక్కపక్కన చాపితే వంకర లేదు. చాపడం ఎడమ చెయ్యి కంటే పది డిగ్రీలు తక్కువ, అదీ వస్తుందన్నారు. బొటనవేలు భుజానికి తగులుతాంది. మా అమ్మ క్యాలెండరులో ప్రతి రోజూ రాసుకుంది, "గడ్డం", "పెదవి", "ముక్కు", "భుజం" అని. భుజం అని రాసిన రోజు వాడికి బొబ్బట్లు చేసింది. మళ్ళీ జనవరిలో రమ్మన్నారు.

పొద్దుటూరు_అక్క · జూలై 27, రాత్రి 9:30

మంచి మాట విన్నా తమ్ముడూ. ఇంగొకటి చెప్పాల, డాక్టరు గారు చదువుతున్నారు కదా. మా తమ్ముడు రెండు నెలలు "ఇంతకాలం బతికినా, ఇప్పుడెందుకక్కా" అన్నాడు. నిన్న తనే ఫోను చేసి, ఆ పేజీ నాకు పంపించు అన్నాడు. మంగళవారం కర్నూలు ఓపీకి పోతున్నాము. చిన్నప్పటి కాగితాలు ఏమీ లేవు. చెయ్యి ఒక్కటే ఉంది చూపించడానికి.

ఎముకల_వైద్యుడు_కర్నూలు · జూలై 27, రాత్రి 9:52

అది చాలు అక్కయ్యా. పొద్దున ఎనిమిదిన్నర లోపల ఓపీ చీటీ రాయించుకోండి. ఏ వేలు ఎంతవరకు కదులుతుందో, ఏ పని కావాలనుకుంటున్నాడో తననే చెప్పమనండి.